మొదటి ఆట మనిషి

ఆమె చప్పట్లు ఏనాడూ తాళంలో పడలేదు. పోయిన మనిషి గురించి మొదలుపెట్టడానికి ఇది మర్యాదైన మాట కాదని నాకూ తెలుసు. కానీ మేస్త్రి ఫోన్ చేసి, "అన్నా, మనకు చాయ్ పోస్తాండె గదా, ఆ రాయచోటి అక్క, వాళ్ళూర్లో చనిపోయిందంట" అని చెప్పగానే నాకు మొట్టమొదట గుర్తొచ్చినవి ఆ చప్పట్లే. ముఖం తరవాత గుర్తొచ్చింది. అప్పుడు నేను కువైట్ సిటీలో, షర్క్‌లోని మా ఆఫీసు మెట్ల మీద ఉన్నాను. ఆగస్టు మధ్యాహ్నం, నీడ దాటి అడుగు పెట్టాలంటే భయం వేసే ఎండ. అక్కడే కాసేపు కూర్చున్నాను. రెండు చేతులూ మెల్లగా చరిచి చూసుకున్నాను. గుమ్మం దగ్గర సెక్యూరిటీ అతను అదోలా చూసేసరికి లేచి లోపలికి వెళ్ళిపోయాను.

ఆమె సంగతి చెప్పాలంటే ముందు మా గుంపు సంగతి చెప్పాలి. కువైట్‌లో మా తెలుగువాళ్ళకి ఒక డప్పుల దళం ఉంది. అందులో సగం మంది కడప, అన్నమయ్య జిల్లాలవాళ్ళు. వాళ్ళవి పలకలు. గుండ్రటి చట్రానికి తోలు బిగించి, ఎడమ చేత్తో గుండెకి ఆనించి పట్టుకుని, రెండు పుల్లలతో కొడతారు. మిగతా సగం మా కోనసీమ వాళ్ళు. మావి తాషాలు. మెడకి తగిలించుకుని సన్నటి పుల్లలతో గలగలా వాయిస్తారు. పలక నింపాదిగా అడుగు వెయ్యమంటుంది, తాషా పరుగెత్తమంటుంది. ఈ రెంటినీ ఒక్క తాళంలో కట్టి, వరుసలు మార్చి, చుట్లు తిప్పి, అరగంట పాటు నడిపించే పని మేస్త్రిది. కడప మనిషి. పగలు బిల్డింగుల్లో టైల్స్ వేస్తాడు, అందుకే ఆ పిలుపు.

ఇక నేను వాయించేవాణ్ణి కాను, చూసేవాణ్ణి. కారు ఉంది కాబట్టి తాషాల్నీ, మనుషుల్నీ, నీళ్ళ క్యాన్లనీ మోసేవాణ్ణి కూడా. చిన్నప్పట్నుంచీ తాషా వింటూ పెరిగాను కనక ఈ విద్యలో నాకు తెలియనిది లేదని ఒక నమ్మకం కూడా ఉంది.

వేసవంతా సాధన ఫర్వానియాలో, మేస్త్రి వాళ్ళ గదిలో. ఆ బిల్డింగులో పైనా కిందా రాత్రి డ్యూటీలు చేసొచ్చి పగలు పడుకునేవాళ్ళు ఉంటారు. పలక మీద ఒక్క దెబ్బ పడితే చాలు, కాపలా ఉండే ఈజిప్టు హారిస్ పైకొచ్చి తలుపు బాదుతాడు. అందుకని అందరూ దిండ్ల మీద వాయిస్తారు. రెండంతస్తుల ఇనుప మంచాల మధ్య సందుల్లో నడుస్తూ అడుగులు నేర్చుకుంటారు. ఎండ తగ్గాక, అక్టోబరు ఆఖర్లో ఒక శుక్రవారం కబ్ద్‌లో ఎవరిదో మజ్రా అద్దెకి తీసుకుని, అసలు డప్పుల మీద ఆరుబయట మొదటిసారి వాయిస్తారు. మజ్రా అంటే పేరుకి తోట. నాలుగు ఖర్జూరం చెట్లు, ఒక గొర్రెల దొడ్డి, మిగతాదంతా ఇసక. దాన్నే మేం మొదటి ఆట అంటాం.

మొదటి ఆటకి జనం పెద్దగా రారు. వచ్చేవాళ్ళంతా ఫిబ్రవరిలో జరిగే పెద్ద ఆటకి వస్తారు, కొత్త బట్టలు వేసుకుని, పిల్లల్ని తీసుకుని. మొదటి ఆటలో అన్నీ తప్పులే. దిండు మీద నేర్చుకున్న చెయ్యికి తోలు మీద ఎంత గట్టిగా పడాలో తెలియదు. ఒకరి చప్పుడు ఒకరు వినడమే అప్పుడు మొదలు. పైగా దానికి ముగింపు ఉండదు. ముగింపులో పలకల వరుస అటునుంచి, తాషాల వరుస ఇటునుంచి ఎదురెదురుగా వచ్చి, ఒకరి సందుల్లోకి ఒకరు దూరి ఒకే వరుసగా కలిసిపోవాలి. అది గదిలో కట్టుకునే పని కాదు, చలికాలం శుక్రవారాల్లో ఇసకలోనే కట్టుకోవాలి. అందుకని మొదటి ఆటలో రెండు వరుసలూ ఎదురెదురుగా వచ్చి ఆగిపోతాయి. మేస్త్రి పుల్ల పైకెత్తి, "ఈ పొద్దుకు ఇంతే" అంటాడు. అందరూ చాయ్ తాగుతారు.

ఆమె ఏటా చూసింది ఆ మొదటి ఆట ఒక్కటే.

ఆర్దియాలో ఒక కువైటీల ఇంట్లో వంట చేసేది. నవంబరు సగానికి వచ్చేసరికి ఆ ఇంటివాళ్ళు ఎడారిలో ఖైమాలు వేస్తారు. చలి పోయేదాకా ప్రతి వారాంతమూ ఆ గుడారాల్లోనే గడుపుతారు. బొగ్గుల మీద మాంసం కాల్చేదీ, చాయ్ కాచేదీ ఆమె. ఇక మార్చి దాకా ఆమెకి శుక్రవారమన్నది లేదు. అందుకని ఖైమాల సామాను సర్దడం మొదలుపెట్టే ముందు, మామా ఆమెకి ఒక శుక్రవారం సెలవిచ్చేది. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళందరూ ఇంటావిణ్ణి మామా అనే అంటారు.

"మా మామా బో మంచిది తమ్ముడా. శుక్రారాల కాడ మాత్రం మంచిది గాదు" అనేది.

ఆమె గురించి నాకు తెలిసింది తక్కువే. ఊళ్ళో ఎవరున్నారో, ఎప్పుడొచ్చిందో, ఎందుకొచ్చిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మా పరిచయమంతా ఏటికొక శుక్రవారం. ఆర్దియా జమియా సూపర్ మార్కెట్టు ముందు, ట్రాలీలు పెట్టేచోట నిలబడి ఉండేది. నేను చెప్పిన వేళకి ముందే వెళ్ళినా అప్పటికే అక్కడ ఉండేది. కారెక్కగానే పైన వేసుకున్న నల్ల అబాయా విప్పి, చదరంగా మడిచి సంచిలో పెట్టుకునేది. అదే సంచిలోంచి ఖుబ్బూస్ రొట్టెకి ఎర్రకారం పూసి చుట్టినవి తీసి, అడక్కుండానే నా చేతిలో ఒకటి పెట్టేది. ఆ కారానికి నా కళ్ళ వెంట నీళ్ళు కారేవి. డ్రైవింగు చేస్తున్నానని కూడా చూడకుండా నవ్వేది.

"కూర్చోండక్కా, బెల్టు పెట్టుకోండి" అని మొదటిసారి అన్నప్పుడు చెయ్యి అడ్డం పెట్టింది. "ఆ అండి గిండి వద్దు తమ్ముడా. అండి అంటే నాకు గబక్కన లేసి నిలబడాలనిపిస్తాది."

నేను మానలేదు, అది మా నోటికి పుట్టుకతో వచ్చింది. ఆమె కూడా ప్రతి ఏడూ ఆ మాట అనడం మానలేదు.

రొట్టె తినడం అయ్యాక అసలు ప్రశ్న వచ్చేది. "ఈ తూరి ఎవురు?"

గుంపులో ఈసారి అందరికంటే అన్యాయంగా వాయించేది ఎవరు అని. మిగతావాళ్ళు గొప్పగా వాయించేవాడికి అభిమానులు. ఆమె ఏటేటా అడుగున ఉన్నవాణ్ణి ఒకణ్ణి ఎంచుకునేది. ఆ రోజంతా అతనే ఆమె మనిషి. ఒక ఏడు మా అమలాపురం వైపు ఎలక్ట్రీషియన్ ఒకతను కొత్తగా చేరాడు. తాషా వాయిస్తుంటే చేతిలో పుల్లలు ఎగిరిపోయేవి. ఆమె చాప మీంచి లేచి, "పుల్ల పోతే పోనీ నాయనా, చెయ్యి ఉండాది గదా" అని కేకేసింది. అతను సిగ్గుతో చచ్చిపోయాడు కానీ, ఆ తరవాత కాసేపు చేతులతోనే వాయించాడు.

మరుసటి ఏడు కారెక్కగానే అడిగింది. "ఆ పుల్లలు పారేసుకునే ఆయప్ప ఎట్లుండాడు?"

"ఇప్పుడు ముందు వరుసలో వాయిస్తున్నాడక్కా."

"అట్లయితే ఆయప్పతో నాకు పనిల్యా. ఈ తూరి ఎవురు?"

ఈ లెక్క నాకు నచ్చేది కాదు. నేను మంచి వాయిద్యం వినడానికి వచ్చేవాణ్ణి. ఒకసారి ఉండబట్టలేక, ఫిబ్రవరి ఆట చూస్తే కదా అసలు పస తెలిసేది అన్నాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ తాపీగా అంది. "బాగా కుదిరినాక ఎవురైనా వస్తారు తమ్ముడా. కుదరకముందు వచ్చేటోళ్ళే సొంతోళ్ళు."

"నేను రెంటికీ వస్తాను కదండి. మరి నేనెవర్ని?"

"నువ్వు డ్రైవరువి" అంది.

అలా అంటుంది కానీ, ఆ వరుసలు కలిసేది చూడాలని ఆమెకి ఎంత ఆశో నాకు తెలుసు. ఏటా ఆ రెండు వరుసలూ ఎదురెదురుగా ఆగిపోయిన చోట ఆమె మెడ ముందుకి సాచి, ఇంకొక్క అడుగు పడుతుందేమోనని చూసేది. మేస్త్రి పుల్ల లేచాక నిట్టూర్చి కప్పులు అందుకునేది. పెద్ద ఆట వీడియో నా ఫోన్లో ఉంది, చూపిస్తానంటే వద్దంది. "ఫోన్లో పలక టిక్కు టిక్కు అంటాది. పలక ఈడ ఇనపడల్ల" అని గుండె మీద చెయ్యి వేసుకుంది. పోనీ ఎలా కలుస్తారో నోటితో చెబుతానంటే చెవులు మూసుకుంది.

"చెప్పొద్దు. ఖైమాలో గిన్నెలు తోముకుంటా దినామూ నేనే కలుపుతాంటా వాళ్ళను. ఒగ దినం పలకలోళ్ళు ముందర, ఒగ దినం మీ తాషాలోళ్ళు ముందర. నువ్వు చెప్తే అయిపోతాది. ఒక్కతూరన్నా నా కండ్లతో చూస్తాలే."

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం ఇమ్మని మామాని ఏటా అడిగేది. మామా ఏటా ఇన్షాల్లా అనేది.

చప్పట్ల సంగతి చెప్పాలి. మొదటి ఏడు ఆమె వచ్చి, చెప్పులు విడిచి, చాప చివర కూర్చుని పాదాలు ఇసకలో పెట్టుకుంది. డప్పులు మొదలయ్యాక రెండు చేతులూ ముఖం ఎత్తుకి లేచాయి. అక్కడ దేనికోసమో కొంచెం ఆగి, పడ్డాయి. ఎప్పుడూ ముందూ కాదు, ఎప్పుడూ వెనకా కాదు. ముందు అయితే ముందని సర్దుకోవచ్చు. ఆమె చప్పట్లు ఒకసారి ముందు, ఒకసారి వెనక, ఇంకోసారి ఎటూ కాకుండా పడేవి. గట్టి చేతులు, ఏళ్ళ తరబడి పిండి పిసికిన చేతులు, ఆ చప్పుడు డప్పుల్ని దాటి వినిపించేది. ముందు వరుసలో పలకవాడి కాలు తడబడింది. వాణ్ణి చూసి పక్కవాడిది.

విరామంలో మేస్త్రి నా దగ్గరికొచ్చాడు. "అన్నా, ఆ అక్క చేతులకు ఏమన్నా పని జెప్పు. నా కాళ్ళు తప్పు పోతాండాయి."

చాయ్ ఫ్లాస్కూ, కాయితం కప్పుల దొంతరా తీసుకెళ్ళి ఆమె చేతికిచ్చాను. మరుసటి ఏడూ ఇచ్చాను, ఆ పై ఏడూ ఇచ్చాను. ఆమె ఎప్పుడూ రెండు చేతులా పుచ్చుకునేది. చాలా ఏళ్ళకి ఒకసారి, నేను ఫ్లాస్కు అందిస్తుంటే నా ముఖంలోకి చూసి అంది. "నా చేతులు ఖాళీగా ఉంటే మీవోళ్ళకు భయం. నాకు తెలుసులే తమ్ముడా."

"తెలిసీ ఎందుకు పట్టుకుంటున్నారక్కా?"

"చాయ్ పోసేటోళ్ళకు ముందర జాగా ఇస్తారు గదా."

అయినా ఆట వేడెక్కాక ఫ్లాస్కు ఇసకలో కూరుకుని నిలబడేది, చేతులు లేచేవి. చివరికి మేస్త్రే దారికొచ్చాడు. ఫర్వానియా గదిలో సాధన జరుగుతున్నప్పుడు ఒకణ్ణి తలుపు దగ్గర నిలబెట్టి వంకరగా చప్పట్లు కొట్టించేవాడు. వాటికి రాయచోటి చప్పట్లని పేరు పెట్టారు. "ఈటికి చెదరకుండా కొట్టగలిగితే ఇంక యాడైనా కొట్టచ్చు" అనేవాడు. తమాషా ఏమిటంటే, ఎవణ్ణి నిలబెట్టినా కాసేపటికి వాడి చేతులు తాళంలోకి జారిపోయేవి. మేస్త్రి తిట్టి ఇంకొకణ్ణి పెట్టేవాడు. ఈ సంగతి నేను కారులో చెప్పినప్పుడు ఆమె ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. నొచ్చుకుందేమో, అనవసరంగా చెప్పానేమో అనుకున్నాను. సెవెంత్ రింగ్ రోడ్డు దాటాక తలగుడ్డ విప్పి మళ్ళీ బిగించి కట్టుకుంటూ, "అంటే నేనూ గుంపులో ఉండాననే" అంది. ఆ రోజు ఇంకో రెండు రొట్టెలు పెట్టింది.

రెండేళ్ళ కిందటి మొదటి ఆట నేను మరచిపోలేను. ఆ వేసవిలో మేస్త్రి ఒక నిర్ణయానికొచ్చాడు. "అన్నా, ఆ అక్క ఎన్నేండ్లని సగం ఆట చూస్తాది. ఈ తూరి మొదటి ఆటలోనే వరుసలు కలుపుదాం." గదిలోనే, ఆ మంచాల మధ్యే, దిండ్ల మీదే ముగింపు కూడా కట్టారు. ఆమెకి చెప్పొద్దన్నారు. నేనూ చెప్పలేదు. ఈ తూరి ఎవరని అడిగితే, చూద్దురుగాని రండి అన్నాను.

ఆ సాయంత్రం వరుసలు ఎదురెదురుగా వచ్చాయి. ఆమె అలవాటు ప్రకారం కప్పులు విడదీయడం మొదలుపెట్టింది. మేస్త్రి పుల్ల లేవలేదు. డప్పులు ఆగలేదు. ఆమె చేతిలో కప్పులతో అలాగే లేచి నిలబడింది. పలకల వరుస ముందుకి కదిలింది. తాషాల వరుస ముందుకి కదిలింది. సరిగ్గా కలుస్తాయనగా పలకలవాళ్ళందరూ ఉన్నట్టుండి ఎడమకి తిరిగారు. పక్కకి నాలుగడుగులు వేసి, మళ్ళీ తిరిగారు. అటు తాషాలవాళ్ళూ అదే పని. ఎవరికి వారు దేన్నో చుట్టి వస్తున్నారు. ఇదేదో కొత్త రకం వరుసలా ఉందే, మేస్త్రి ఘటికుడే అనుకుని మెచ్చుకోబోతున్నాను. అప్పుడు మధ్యలో ఒకతను గబుక్కున తల వంచి, రెండడుగులు అలాగే నడిచి, మళ్ళీ ఎత్తాడు.

మా ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. "తమ్ముడా" అంది ఆమె నా మోచెయ్యి పట్టుకుని, "వాళ్ళు మంచాలు తిరుక్కోని పోతాండారు."

నిజమే. ఖాళీ ఇసకలో, కనుచూపుమేర అడ్డమన్నది లేని చోట, మేస్త్రి గదిలో మంచాలు ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడక్కడ తిరుగుతున్నారు. తల వంచినవాడు పై మంచం ఇనుప కమ్మీ తగలకుండా వంచాడు. తాళం మాత్రం ఎక్కడా తప్పలేదు. చివరికి పలకలవాళ్ళు గొర్రెల దొడ్డికి ఎదురుగా, తాషాలవాళ్ళు నీళ్ళ ట్యాంకుకి ఎదురుగా, ఒకరికొకరు వీపు పెట్టి నిలబడి బ్రహ్మాండంగా వాయిస్తున్నారు. ఆమె ఇసకలో కూలబడి నవ్వింది. కప్పులు గాలికి దొర్లిపోయాయి. తలగుడ్డ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, ఊపిరి తిప్పుకుని, మళ్ళీ నవ్వింది. మేస్త్రి ముందు మండిపడ్డాడు, తరవాత తనూ పుల్లలు కింద పడేసి నవ్వడం మొదలుపెట్టాడు.

నవ్వులు అయ్యాక వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. "అక్కా, కూర్చో. ఇంగొక తూరి చేస్తాం. ఈ తూరి నేరుగా నడుస్తాం."

ఆమె మేస్త్రి వంక చూడలేదు, పడమటి వైపు చూసింది. పొద్దు కరెంటు స్తంభాల కిందికి దిగుతోంది. మగ్రిబ్ నమాజు పిలుపు లోపల ఇంట్లో ఉండాలన్నది మామా పెట్టిన ఒకే ఒక్క షరతు. అది తప్పితే వచ్చే ఏడు ఈ శుక్రవారం కూడా ఉండదు. కావాలంటే నేను మామాతో మాట్లాడతాను, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నామని చెబుతాను అన్నాను.

"ఎవురో మొగోడు ఫోన్ జేసి మాట్లాడితే ఇంక నన్ను జమియాకు గూడా పంపదు" అంది. రెండు వరుసలూ మళ్ళీ సర్దుకుంటున్న వైపు చూసింది. ఒక చెప్పు వేసుకుంది. రెండో చెప్పు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది. "యల్లా, పోదాం పా. వచ్చే యేడు చూస్తాలే."

దొడ్డి పక్కనుంచి మట్టిబాటలోకి తిరిగామో లేదో వెనక డప్పులు మొదలయ్యాయి. ఆమె కిటికీ అద్దం దించింది. నేను కారు వేగం తగ్గించాను.

"ఆపొద్దు" అంది.

సీట్లో వెనక్కి తిరిగి కూర్చుంది. వెనకంతా మా కారు లేపిన దుమ్మే. తోట కనిపించడం లేదు. చప్పుడు ఒకటే వస్తోంది, పలకా తాషా రెండూ. ఆమె చెయ్యి సీటు అంచు మీద వంకరటింకరగా పడుతోంది. చప్పుడు ఒకచోట బాగా పెరిగింది.

"కలిసినారా?"

"తెలియట్లేదక్కా. దుమ్ములో ఏమీ కనపడ్డం లేదు."

కాసేపు విని, అద్దం పైకెత్తింది. "కలిసుంటార్లే" అని ముందుకి తిరిగి, సంచిలోంచి అబాయా తీసి విప్పడం మొదలుపెట్టింది. ఆపొద్దంటే మాత్రం ఆపకుండా ఉండాలా అని ఇప్పటికీ అనిపిస్తుంది, కానీ ఆమె చెప్పిందీ సబబే. ఆర్దియా జమియా ముందు దిగి, వెనక్కి చూడకుండా గబగబా నడిచి వెళ్ళింది. ఆమెని చూడ్డం అదే ఆఖరు.

ఆ రోజు మేము వెళ్ళాక ఏమైందని మేస్త్రిని తరవాత అడిగాను. రెండు వరుసలూ ఢీకొన్నాయట. తాషాల పట్టీలు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని, విడదీయడానికి పొద్దుగూకిందట. "ఆయమ్మకు చెప్పొద్దన్నా" అన్నాడు. చెప్పలేదు.

మరుసటి ఏడు ఆమె రాలేదు. ఆ వేసవిలోనే ఒక పొద్దున విమానాశ్రయం నుంచి ఎవరిదో ఫోన్లో మాట్లాడింది. "ఖలాస్ తమ్ముడా, ఇంటికి పోతాండా. మోకాళ్ళు ఇంక పని చేయల్యా. మామా ఏడ్చింది, టికెట్ కొనిచ్చింది." నేను ఏదో అనబోయేలోపల, "ఈ తూరి ఎవురు?" అంది. ఇంకా సాధన మొదలవలేదన్నాను. మొదలైనాక చెప్పమని ఊళ్ళో నంబరు ఇచ్చింది. అక్టోబరులో వాయిస్ మెసేజి పెట్టాను, ఈసారి నంద్యాల నుంచి వచ్చిన కొత్తతను, ఎడమ కాలికీ కుడి కాలికీ తేడా తెలియదు అని. జవాబు వచ్చింది, నవ్వుతోనే మొదలైంది. "కాళ్ళు యాడికన్నా పోనీ, ఆయప్పను మాత్రం పోనీయొద్దని మేస్త్రికి చెప్పు." అతను ఇంకా గుంపులోనే ఉన్నాడు.

ఆగస్టులో ఆమె కబురు వచ్చిన వారం నేను మేస్త్రి గదికి వెళ్ళాను. తలుపు తీస్తే గది గుర్తుపట్టలేకపోయాను. మంచాలు లేవు. అన్నీ విప్పేసి, కమ్మీలు కట్టలు కట్టి మెట్ల కింద పెట్టారు. హారిస్‌ని ఎలా ఒప్పించారో అడగలేదు. పరుపులు గోడ పక్కన చుట్టి ఉన్నాయి. మొదటి ఆట అయ్యేదాకా అందరూ నేల మీదే పడుకున్నారు, పొద్దంతా సిమెంటు మోసి, టైల్స్ మోసి వచ్చినవాళ్ళు.

"ఈ తూరి కలుస్తాం అన్నా" అన్నాడు మేస్త్రి.

పోయిన శుక్రవారం మొదటి ఆట. ఆర్దియా మీదుగా వెళ్ళాల్సిన పని లేదు, అయినా అటునుంచే వెళ్ళాను. కబ్ద్‌లో చాప పరిచి, ఫ్లాస్కు పెట్టాను. పట్టుకునేవాళ్ళు లేక అది చాప మీద ఒక్కటే నిలబడి ఉంది. మొదలుపెట్టబోయే ముందు మేస్త్రి వచ్చాడు.

"అన్నా, చప్పట్లు నువ్వు కొట్టల్ల. ఆయమ్మ మాదిరి. మావోళ్ళు ఆ చప్పట్ల మీదనే నేర్చుకున్యారు."

సరేనన్నాను. అన్నేళ్ళు పక్కన కూర్చుని విన్నవాణ్ణి, నాకు రాకపోతే ఎవరికొస్తుంది అనుకున్నాను. చెప్పులు విడిచి ఇసకలో కాళ్ళు పెట్టుకున్నాను. ఆట నడిచింది, ఎప్పటిలాగే బోలెడు తప్పులతో. వరుసలు ఎదురెదురుగా వచ్చాయి. మేస్త్రి పుల్ల ఎత్తలేదు, నా వంక చూశాడు. నేను చేతులు ఎత్తాను.

మొదటి చప్పట తాళంలో పడింది. రెండోదీ పడింది. ముందు కొట్టాలని చూశాను, చెయ్యి తనంతట తనే ఆగి తాళానికే పడింది. వెనక కొట్టాలని ఆపాను, ఆ ఆపడం కూడా తాళంలోనే కుదిరింది. ఆమె చేతులు ముఖం దాకా లేచి ఎలా ఆగేవో గుర్తు తెచ్చుకుని అలాగే ఎత్తాను. దేనికోసం ఆగేవో నాకు తెలియలేదు. నా చేతుల మీద నాకు ఇంత కోపం ఎప్పుడూ రాలేదు. వాటినే చూస్తూ, ఒక్కటి, ఒక్క చప్పట ఆమెలాగా పడితే చాలని కొడుతూనే ఉన్నాను. ఎదర పెద్ద కేక వినిపించి తలెత్తాను.

ఒకటే వరుస. పలక, తాషా, పలక, తాషా. అందరూ చెమటలు కక్కుతూ, ఆయాసపడుతూ, నవ్వుతూ మా వైపు తిరిగి నిలబడ్డారు. ఎలా దూరారో, ఎవరు ముందు వచ్చారో, ఎక్కడ కలిశారో నేను చూడలేదు.

మేస్త్రి వచ్చి ఫ్లాస్కు తనే తీసి చాయ్ పోసుకున్నాడు. "కలిసినాం గదా అన్నా?"

"కలిశారు" అన్నాను.

చాయ్ తాగి, కప్పు నలిపి, నా వంక చూసి నవ్వాడు. "ఈ పొద్దు అందరూ బాగా చేసినారన్నా. నువ్వు ఒక్కనివే చెడగొట్టింది."

చీకటి పడకముందే బయల్దేరాను. దొడ్డి పక్కనుంచి మట్టిబాటలోకి తిరిగే చోట పక్క సీటు వైపు అద్దం దించాను. వెనక మావాళ్ళు ఉత్సాహం ఆగక మళ్ళీ వాయిస్తున్నారు. కారు ఆపలేదు. ఆ చప్పుడు సన్నబడేదాకా విని, ఆమె ఏటా అడిగినదానికి జవాబు చెప్పాను.

"ఈ తూరి నేనేనండి, అక్కా."